ఎప్పుడూ నీరసమేనా? కారణం వెనుక కారణాన్ని పట్టుకోవడం ఎలా

తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా నీరసానికి అందరూ నమ్మే వైద్యం ఒకటుంది. చేతికి సూది గుచ్చి గ్లూకోజు సీసా ఎక్కించుకోవడం. డాక్టరు వద్దన్నా రోగే బతిమాలి ఎక్కించుకుంటాడు. అరలీటరు సీసాలోని 5 శాతం ద్రావణంలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దానివల్ల వచ్చే శక్తి సుమారు 85 కేలరీలు. రెండు ఇడ్లీలు తింటే అంతకు తక్కువేమీ రాదు. అందులో కలిపే పసుపు రంగు బి-కాంప్లెక్సు చూడటానికి మందులాగే ఉంటుంది కాబట్టి రోగికి తృప్తి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి సెలైన్ ప్రాణం నిలుపుతుంది. నెలల తరబడి నీరసంగా ఉన్నవారికి మాత్రం దానివల్ల ఒరిగేది ఒక మధ్యాహ్నం విశ్రాంతి, అంతే. పైగా శుభ్రత పాటించని చోట వాడిన సూదులే మళ్లీ వాడితే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి సోకుతాయి. దీర్ఘకాలిక హెపటైటిస్ సి ముఖ్య లక్షణాల్లో మొదటిది నీరసమే.

నీరసానికి కారణం వెతికేటప్పుడు చాలామంది మొదటి జవాబు దగ్గరే ఆగిపోతారు. "రక్తం తక్కువగా ఉందన్నారు, టానిక్కు రాశారు" అంటారు. రక్తం ఎందుకు తగ్గిందో ఎవరూ అడగరు. బి12 తక్కువని సూదులు వేయించుకుంటారు. పదేళ్లుగా మింగుతున్న మాత్రే దాన్ని తగ్గిస్తోందేమో చూడరు. రిపోర్టులో కనిపించే పేరు చాలాసార్లు సగం జవాబే. దాన్ని మరోసారి "ఎందుకు" అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. కింద చెప్పిన వరుస అందుకోసమే.

1. ముందు అది ఏ రకం అలసటో తేల్చుకోండి

అలిపిరి నుంచి తిరుమల కొండకు నడిచి వెళ్లేవారు 3,550 మెట్లు ఎక్కుతారు. అలవాటు లేనివారికి మర్నాడు పిక్కలు పట్టేస్తాయి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. అది జబ్బు కాదు. శ్రమకు తగ్గ అలసట విశ్రాంతితో పోతుంది. తగినంత పడుకుని లేచినా పోనిది, నెల దాటినా వదలనిది, ఇంతకుముందు సులువుగా చేసిన పనిని మానిపించేది అయితే దాని వెనుక ఏముందో చూడాలి. ఆరు నెలలు దాటితే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక అలసట కింద లెక్కిస్తారు.

డాక్టరు దగ్గర అందరూ "నీరసంగా ఉంది" అనే అంటారు. ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు బాధలు ఉండవచ్చు. కాబట్టి ఈ ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి. బస్సులో కూర్చోగానే, టీవీ ముందు వాలగానే కళ్లు మూతలు పడుతున్నాయా? అయితే చూడాల్సింది నిద్రను. నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి అందక ఆగాల్సి వస్తోందా? అయితే రక్తం, గుండె, ఊపిరితిత్తులు. నేల మీద గొంతుక్కూర్చుని లేవలేకపోతున్నారా, బస్సు మెట్టు ఎక్కడానికి తొడలు సహకరించడం లేదా, జడ వేసుకుంటుంటే చేతులు వాలిపోతున్నాయా? అది కండరాల బలహీనత. థైరాయిడ్, విటమిన్ డి, పొటాషియం, కండరాల జబ్బులు గుర్తుకు రావాలి. ఒంట్లో శక్తి ఉన్నా ఏ పనీ చేయబుద్ధి కావడం లేదా? మనసు సంగతి కూడా చూడాలి. ఆ పూట బాగానే పనిచేసి, మర్నాడో ఆ మర్నాడో మంచం పట్టి రోజుల తరబడి లేవలేకపోతున్నారా? అది ప్రత్యేకమైన రకం. దాని గురించి చివర్లో చెబుతాను.

గత ఏడాది గాలిగోపురం దాకా ఆగకుండా ఎక్కిన మనిషి ఈ ఏడాది యాభై మెట్లకొకసారి కూర్చుంటున్నాడంటే దాన్ని వయసు ఖాతాలో వేసి వదిలేయకూడదు. అలాంటివారు విటమిన్ల దుకాణానికి వెళ్లేముందు ఈసీజీ తీయించుకోవాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు నడిచి రావద్దని దేవస్థానమే సూచిస్తోంది. మొక్కు ఉంటే బస్సులో వెళ్లి దర్శనం చేసుకోవచ్చు.

2. ఆగకూడని సందర్భాలు

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో నొప్పి లేదా బరువు, కదలకుండా కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, ఉన్నట్టుండి ఒక చేయీ కాలూ పడిపోవడం, తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి. మహిళల్లో, మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా విపరీతమైన నీరసం, చెమట, వికారంతోనే రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేది ఎక్కువగా ఇలాంటప్పుడే. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నా అది అత్యవసరమే. 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వం నడిపే టెలీ-మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు.

వారంలోపు డాక్టరును కలవాల్సినవి వేరే ఉన్నాయి. ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు లేదా జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, మెడలోనో చంకలోనో గడ్డలు, పాదాల వాపు.

3. రెండు వారాల నోటు పుస్తకం, మందుల సంచి

మొదట చేయాల్సినది ఖర్చులేని పని. ఒక నోటు పుస్తకంలో రెండు వారాలు రాయండి. ఎన్ని గంటలకు పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, తెల్లవారాక ఒళ్లు తేలికగా ఉందా బరువుగా ఉందా, ఏ వేళకు నీరసం ముదురుతోంది, ఎన్ని కాఫీలు తాగారు, ఏ పూట తినలేదు. సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య థర్మామీటరు పెట్టి జ్వరం చూడండి. రోజూ సాయంత్రం మాత్రమే వచ్చి పోయే కొద్దిపాటి జ్వరం చాలామందికి తెలియనే తెలియదు. వారానికొకసారి బరువు చూసుకోండి. ఆడవారు నెలసరి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు అన్నది తప్పకుండా రాయాలి.

తర్వాత ఇంట్లో మీరు మింగే ప్రతి మందునూ ఒక సంచిలో వేయండి. బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, జలుబు మాత్రలు, నొప్పుల మాత్రలు, ఎవరో ఇచ్చిన చూర్ణాలు, లేహ్యాలు, పేరు లేని పొట్లాలు, అన్నీ. డాక్టరు ముందు ఆ సంచి ఒలకబోస్తే సగం పరిశోధన అక్కడే అయిపోతుంది. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు నాడి వేగాన్ని తగ్గించి నిస్సత్తువ తెస్తాయి. సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ మగత తెస్తాయి. మూత్రం ఎక్కువగా పోయేందుకు ఇచ్చే మాత్రలు సోడియం, పొటాషియం తగ్గిస్తాయి. ఆ మాత్ర వేసుకుంటూ, బీపీ భయంతో ఉప్పు పూర్తిగా మానేసిన పెద్దవాళ్లు ఒక్కసారిగా నీరసపడి మతి తప్పినట్టు మాట్లాడటం అరుదేమీ కాదు.

అన్నిటికంటే ప్రమాదం పేరు లేని పొట్లాలతో. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి "ఒక్క పూటలో తగ్గిస్తాం" అంటూ ఇచ్చే పొడుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చు. మొదట్లో ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రబడుతుంది, నొప్పులు మాయమవుతాయి. నెలల తరబడి వాడితే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ అనే హార్మోను తయారు చేయడం మానేస్తాయి. అప్పుడు పొట్లం అయిపోయి ఒక్కసారిగా మానేస్తే విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. అది ప్రాణాపాయమే. అలాంటి మందు వాడుతున్నారని అనుమానం వస్తే మీ అంతట మీరు ఆపేయవద్దు. డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

4. కొన్ని పరీక్షలే, కానీ సరైనవి

ఎనభై పరీక్షల ప్యాకేజీ సగం ధరకే అనే ప్రకటనలు తిరుపతి గోడల నిండా కనిపిస్తాయి. అవి వద్దనడానికి ఒక లెక్క ఉంది. ఏ పరీక్షకైనా "సాధారణ హద్దు"ను ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అందులో ఉండేలా నిర్ణయిస్తారు. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒక్కటైనా హద్దు దాటి ఎర్ర అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. ఎనభై చేస్తే చెప్పనక్కరలేదు. ఆ ఎర్ర అక్షరాల వెంట పరుగెత్తుతూ అసలు కారణాన్ని మరిచిపోతారు.

మొదటి విడతలో చాలామందికి ఇవి చాలు: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), పరగడుపు షుగరు లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, మూత్రపిండాలకు క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కాలేయానికి ఎస్‌జీపీటీ, ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్, మూత్ర పరీక్ష. శాకాహారులకు, షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారికి బి12. నలభై దాటినవారికి ఈసీజీ. నెలసరి తప్పినవారికి అన్నిటికంటే ముందు గర్భ పరీక్ష. మిగతావి మీ నోటు పుస్తకం చూసి డాక్టరు నిర్ణయించాలి.

సీబీసీ కాగితంలో అందరూ హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మడిచేస్తారు. కింది వరుసల్లోనే కథ ఉంటుంది. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకామెకు హిమోగ్లోబిన్ 9.2, ఎర్రకణాల పరిమాణం చెప్పే ఎంసీవీ 68, ఎర్రకణాల సంఖ్య 4.1 మిలియన్లు. మరొకామెకు హిమోగ్లోబిన్ 11.4, ఎంసీవీ 64, సంఖ్య 5.6 మిలియన్లు. ఎంసీవీ 80 నుంచి 100 మధ్య ఉండాలి కాబట్టి ఇద్దరి కణాలూ చిన్నవే. ఇద్దరికీ ఇనుము టానిక్కే రాసే అవకాశం ఎక్కువ. కానీ ఎంసీవీని కణాల సంఖ్యతో భాగించి చూడండి. మొదటామెకు 16 పైన వస్తుంది, రెండోఆమెకు 11 పైచిలుకు. 13 కంటే ఎక్కువ వస్తే ఇనుము లోపం వైపు, తక్కువ వస్తే తలసీమియా వాహకత్వం (తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన రక్తలోపపు జన్యువు ఒకటి ఉండటం) వైపు మొగ్గు. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. ఫెరిటిన్, హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) పరీక్షలు తేల్చాలి. తలసీమియా వాహకులకు ఇనుము లోపం లేకపోతే ఏళ్ల తరబడి ఇనుము మింగించడం వృథా, ఒక్కోసారి హాని కూడా. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో ఈ సంగతి పెళ్లికి ముందే తెలియాలి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఎంసీవీ 100 దాటితే దారి వేరు. బి12, ఫోలేట్ లోపం, మద్యం, థైరాయిడ్, కాలేయం చూడాలి.

5. రక్తహీనత: మనవాళ్ల నీరసానికి అతి పెద్ద కారణం

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు మగవారికి 13, ఆడవారికి 12, గర్భిణులకు 11 (మధ్య మూడు నెలల్లో 10.5) గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. హిమోగ్లోబిన్ 12 పైన ఉన్నా ఫెరిటిన్ అట్టడుగుకు పడిపోయి నీరసం, జుట్టు రాలడం, కాళ్లు లాగడం మొదలైనవారు కూడా ఉంటారు. ఫెరిటిన్ 30 కంటే తక్కువైతే చాలామంది వైద్యులు ఇనుము నిల్వలు ఖాళీ అయినట్టే చూస్తారు. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

ఇంట్లో కనిపించే గుర్తు ఒకటి చెబుతాను. బియ్యం చెరుగుతూ గుప్పెడు నోట్లో వేసుకుని నమిలే అమ్మాయి, పిల్లల బలపాలు కొరికే తల్లి, మట్టి గోడ మీద నీళ్లు చల్లినప్పటి వాసనకు నోరూరే గర్భిణి. వీళ్లను అత్తలు, అమ్మలు కసురుతారు. అది అలవాటు కాదు, ఇనుము లోపం లక్షణం. ఇనుము అందాక చాలామందిలో ఆ కోరిక దానంతట అదే పోతుంది.

ఇక్కడే "ఎందుకు" అడగాలి. వయసులో ఉన్న స్త్రీకి మొదటి అనుమానం నెలసరి మీద. ఏడు రోజులు దాటడం, గంటకో రెండు గంటలకో ప్యాడు మార్చాల్సి రావడం, రూపాయి నాణెం కంటే పెద్ద గడ్డలు పడటం మామూలు సంగతి కాదు. గర్భాశయంలో కణితులు, థైరాయిడ్, రక్తం గడ్డకట్టడంలో లోపం, ఏదైనా ఉండవచ్చు. పొలంలో చెప్పులు లేకుండా తిరిగేవారికి కొంకిపురుగులు పాదాల చర్మం గుండా లోపలికి చేరి పేగుల్లో రక్తం తాగుతాయి. ఆల్బెండజోల్ మాత్రతో ఆ బాధ తీరుతుంది. మొలలు ఉన్నాయని ఏళ్ల తరబడి రక్తం పోతున్నా సిగ్గుతో చెప్పనివారు ఉంటారు. కీళ్ల నొప్పులకు రోజూ మాత్రలు మింగేవారికి కడుపులో పుండు పడవచ్చు. మగవారికైనా, నెలసరి ఆగిన స్త్రీకైనా ఇనుము లోపం కనిపిస్తే అది పేగుల్లో ఎక్కడో రక్తం పోతున్నట్టే భావించి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించాలి. యాభై దాటిన మనిషికి టానిక్కు రాసి పంపడం కంటే పెద్ద పొరపాటు లేదు. పేగు క్యాన్సరు మొదటి సూచన ఆ రక్తహీనతే కావచ్చు.

తిండి గురించి ఒక నమ్మకాన్ని సరిచేయాలి. సంగటి తింటే రక్తం పడుతుందని చిత్తూరు వైపు గట్టి నమ్మకం. రాగులు మంచి ధాన్యమే, కాల్షియం దండిగా ఉంటుంది. ఇనుము మాత్రం వంద గ్రాములకు నాలుగైదు మిల్లీగ్రాములే, అందులోనూ ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ల వల్ల ఒంటికి పట్టేది కొంచెమే. మొలకెత్తించిన రాగుల్లో ఆ అడ్డు తగ్గుతుంది. సంగటిలోకి మాంసం, కాలేయం, చేపలు ఉంటే ఇనుము బాగా అందుతుంది. శాకాహారులైతే పప్పు, ఉలవలు, ఆకుకూరలతోపాటు నిమ్మకాయ పిండుకోవాలి, జామకాయో ఉసిరికాయో తినాలి. ఒకసారి రక్తహీనత వచ్చాక మాత్రం తిండితోనే తేరుకోవాలనుకోవడం దురాశ. మాత్ర కావాలి.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే అది వంటబట్టదు. కనీసం గంట ఎడం ఉండాలి, కాల్షియానికి ఇంకా ఎక్కువ. కడుపులో తిప్పితే మానేయకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. ఆ పద్ధతిలో ప్రతి మాత్ర నుంచీ ఎక్కువ ఇనుము ఒంటికి పడుతుంది. మలం నల్లబడుతుంది, భయపడవద్దు.

6. థైరాయిడ్, షుగరు, బి12

థైరాయిడ్ మందగిస్తే నీరసంతోపాటు మలబద్ధకం, చలి, బరువు పెరగడం, గొంతు బొంగురు కనిపిస్తాయి. అప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మాత్ర మొదలుపెడతారు. 5, 6 దగ్గర ఉండి థైరాయిడ్ హార్మోను టీ4 సరిగానే ఉంటే రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూడటమే మంచిది. అంత చిన్న పెరుగుదలకు మాత్ర వేసినా నీరసం తగ్గకపోవడం తరచూ జరిగేదే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా వస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే కాఫీ. ఈ ప్రాంతంలో నిద్ర లేవగానే ఫిల్టరు కాఫీ పడనిదే నోరు పెగలని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో మోతాదు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగదు. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

షుగరు పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 దాటితే మధుమేహం. ఇనుము లోపం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చు, కాబట్టి రక్తహీనత ఉంటే పరగడుపు షుగరు కూడా చూడాలి.

ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గుతుంది. రోజూ పరగడుపున మింగే గ్యాస్ మాత్ర కూడా తగ్గిస్తుంది. ఈ రెండూ కలిసి వాడుతూ, పాలు పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారి అయితే లోపం రాకపోతేనే ఆశ్చర్యం. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, మరుపు, నాలుక నున్నబడటం గుర్తులు. ఆ తిమ్మిర్లను షుగరు నరాల జబ్బు అనుకుని వదిలేస్తారు. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగై నరాలు మాత్రం చెడుతూ పోతాయి. వెంకన్నకు నిష్ఠగా ఉండే పెరటాసి (తమిళ నెల) అంతా మాంసం మానితే బి12 తగ్గుతుందా అని అడిగేవారికి జవాబు, తగ్గదు. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. నెల రోజుల నిష్ఠకు ఏమీ కాదు.

విటమిన్ డి గురించి రెండు మాటలే. లోపం ఉంటే ఒళ్లు నొప్పులు, తొడల బలహీనత వస్తాయి. 60,000 యూనిట్ల పొడి వారానికొకటి వేసుకోవాల్సినది. రోజుకొకటి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి అదే నీరసం, పైగా వాంతులు, మూత్రపిండాలకు దెబ్బ.

7. నిద్ర, మనసు

తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ తీసి, పాలు పిండి, పాల కేంద్రానికి క్యాను పంపి, పిల్లలకు బాక్సులు కట్టి, రాత్రి సీరియల్ అయ్యాక పదకొండింటికి పడుకునే స్త్రీ నిద్ర ఐదు గంటలు. ఆమెకు ఏ పరీక్షలోనూ ఏమీ దొరకదు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వారానికొక షిఫ్టు మారే కుర్రవాళ్ల పరిస్థితీ అంతే. దీనికి మాత్ర లేదు. ఇంట్లో పని పంచుకోవడం ఒకటే మందు, అది రాసిచ్చే డాక్టరు కనబడడు.

ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే గురకను అనుమానించాలి. గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకోవడం పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది. కాబట్టి డాక్టరు దగ్గరకు వారినీ తీసుకెళ్లండి. పొద్దున తలనొప్పి, మందులకు లొంగని బీపీ, లావు మెడ తోడైతే నిద్ర పరీక్ష చేయించాలి. ఘాట్ రోడ్డులో జీపులు, ట్యాక్సీలు నడిపేవారు దీన్ని వాయిదా వేయడం తమకే కాదు, వెనుక కూర్చున్నవారికీ ముప్పు.

మనసు గురించి రెండు ప్రశ్నలు. గత రెండు వారాల్లో చాలా రోజులు దిగులుగా, ఆశ లేనట్టు అనిపించిందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరుతో మాట్లాడాలి. మన దగ్గర కుంగుబాటు "ఒళ్లంతా నొప్పులు, నీరసం" అనే వేషంలోనే ఆసుపత్రికి వస్తుంది. దీన్ని ఒప్పుకోవడం అంటే బాధ అబద్ధమని ఒప్పుకోవడం కాదు. ఇంకొక సంగతి, మనసు బాగాలేదని తేలినంత మాత్రాన రక్తం, థైరాయిడ్ చూడటం మానకూడదు. రెండూ కలిసే ఉండవచ్చు.

8. దాగి ఉండే అంటువ్యాధులు

క్షయను ఈ ప్రాంతం బాగా ఎరుగును. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం వందేళ్ల కిందటే దానికోసం పుట్టింది. రెండు వారాల దగ్గు, సాయంత్రం జ్వరం, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు, మందులూ ఉచితమే. దగ్గు లేకుండా మెడ గ్రంథుల్లో, పేగుల్లో, వెన్నెముకలో కూడా క్షయ రావచ్చు.

పాడి ఎక్కువగా ఉన్న చిత్తూరు ప్రాంతంలో డాక్టర్లు కూడా ఒక్కోసారి మరిచిపోయే జబ్బు బ్రూసెల్లోసిస్. ఆవుకు నెలలు నిండకుండానే కడుపు పోతుంది. ఆ మాయను, దూడను ఇంటివాళ్లు ఉత్త చేతులతో ఎత్తి పారేస్తారు. కొన్ని వారాలకు లేదా నెలలకు ఆ మనిషికి వచ్చిపోయే జ్వరం, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు, రాత్రి చెమటలు, విడవని నీరసం మొదలవుతాయి. పచ్చిపాలు తాగినా సోకుతుంది. టైఫాయిడ్ అని వారం రోజులు మందులు వాడితే కాస్త తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. దీనికి కనీసం ఆరు వారాలు రెండు రకాల మందులు కలిపి వాడాలి. పశువులతో మీకున్న పని గురించి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

డెంగీ, చికున్‌గున్యా, స్క్రబ్ టైఫస్, కోవిడ్ తర్వాత కొన్ని వారాలు నీరసం ఉండటం సహజం. నెలనెలా కొద్దిగానైనా మెరుగవుతుంటే ఓపిక పట్టవచ్చు. కోవిడ్ వచ్చి మూడు నెలలు దాటినా పోకపోతే మళ్లీ చూపించుకోవాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు అడగడానికి సంకోచించనక్కర్లేదు.

మూత్రపిండాలు, కాలేయం, గుండె గురించి మొదటి విడత పరీక్షలే హెచ్చరిస్తాయి. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే తగ్గడం, పాదాల వాపు గుండె వైపు చూపిస్తాయి. చర్మం, చిగుళ్లు కారణం లేకుండా నల్లబడుతూ, బీపీ తక్కువగా ఉంటూ బరువు తగ్గుతుంటే అడ్రినల్ గ్రంథుల లోపం, అంటే అడిసన్ జబ్బు గురించి అడగండి. అరుదే గానీ మందుతో పూర్తిగా అదుపులో ఉండేది.

9. ఎక్కడికి వెళ్లాలి, ఏమి చెప్పాలి

నేరుగా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి రైలెక్కడం మన జిల్లాలవారికి అలవాటు. చాలా కారణాలు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, నమ్మకమైన జనరల్ ఫిజీషియన్ దగ్గరో తేలిపోతాయి. అక్కడ తేలకపోతే తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి, కుప్పం వైపువారికి పీఈఎస్ వైద్య కళాశాల దగ్గర. వేలూరు సీఎంసీ చిత్తూరు నుంచి గంట ప్రయాణమే కానీ, వెళితే పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పట్టుకుని వెళ్లాలి. లేకపోతే అన్నీ మళ్లీ మొదటి నుంచే.

రద్దీ ఓపీలో డాక్టరు ఇచ్చేది నాలుగైదు నిమిషాలు. అందులో "నీరసం సార్" అని ఆగకండి. "మూడు నెలలుగా ఇలా ఉంది. ఇంతకుముందు రెండు బిందెలు మోసేదాన్ని, ఇప్పుడు ఒకటి మోస్తే ఆయాసం. నెలసరి తొమ్మిది రోజులు. నాలుగు కిలోలు తగ్గాను. వాడే మందులు ఇవి" అంటే చాలు, డాక్టరు తల ఎత్తి చూస్తారు.

10. అన్నీ నార్మల్ అని వస్తే

అన్నీ సరిగ్గా ఉన్నాయంటే మీకేమీ లేదని అర్థం కాదు. ముందుగా నిలబడి చేసే చిన్న పరీక్ష అడగండి. పది నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి చూసి, లేచి నిలబడ్డాక పది నిమిషాల వరకు మళ్లీ మళ్లీ చూస్తారు. పై బీపీ 20 పడిపోయినా, నాడి 30 పెరిగి అలాగే ఉండిపోయినా అదొక కారణమే.

ఆరు నెలలు దాటి, పాత పనులు బాగా తగ్గిపోయి, నిద్రపోయినా తేరుకోక, చిన్న శ్రమకే మర్నాడు కుప్పకూలి, ఆలోచన మందగిస్తుంటే మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ లేదా క్రానిక్ ఫాటిగ్ సిండ్రోమ్ కావచ్చు. దీన్ని నిర్ధారించే రక్త పరీక్ష లేదు. వీళ్లను "రోజూ కొంచెం కొంచెం నడక పెంచు, అలవాటవుతుంది" అని తోయడం హాని చేయవచ్చు. అలా వ్యాయామాన్ని పెంచుకుంటూ పోయే పద్ధతిని సూచించవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఉన్న శక్తిని బట్టి పనిని ముక్కలు చేసుకోవాలి. కూర్చుని కూరగాయలు తరగడం, స్నానానికి స్టూలు, బాగున్న రోజున కూడా అంతా చేసేయకపోవడం. ఇంట్లోవాళ్లు "సోమరితనం" అనే మాట మానుకుంటే అదే పెద్ద సాయం.

11. మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడం

ఇనుము మొదలుపెట్టిన నాలుగు వారాలకు సీబీసీ మళ్లీ చేయించండి. హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే మాత్ర సరిగా వేసుకోవడం లేదు, లేదా ఒంటికి పట్టడం లేదు, లేదా రక్తం ఇంకా పోతోంది, లేదా మొదటి నిర్ధారణే తప్పు. పెరిగి సరైన అంకెకు వచ్చాక కూడా నిల్వల కోసం ఇంకో మూడు నెలలు కొనసాగించాలి. నీరసం తగ్గగానే మానేసేవారే ఏడాదికి మళ్లీ అదే వరుసలో నిలబడతారు. థైరాయిడ్ మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి, అంతకంటే ముందు చూస్తే పాత మోతాదు నీడే కనిపిస్తుంది. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు. బి12 సూదుల తర్వాత నరాల తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పడుతుంది కాబట్టి రెండో వారానికే డాక్టరును మార్చవద్దు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించి, ప్రతి రిపోర్టునూ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంట్లో దాచిన కాగితం కావలసిన రోజున దొరకదు.